పెట్టెలో పెద్దబిడ్డ

గెడ్డవలసలో ఒక పెట్టె నల్లబడిందన్న కబురు వచ్చిన రోజున విశాఖపట్నంలోని ప్రయోగశాలలో మిఠాయిలు పంచుకున్నారు. ఏడేళ్ళుగా పడ్డ పాటు అది. ఆ నలుపు కోసమే అంతా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారు.

పెట్టె తమలపాకుల పెట్టె కన్నా పెద్దదేం కాదు. మూడో నెల వచ్చిన గర్భిణి చేతినుంచి రెండు చెంచాల రక్తం తీస్తే, అందులో బిడ్డని అంటుకునుండే మావి నుంచి రాలిన కణాలు పదో పరకో తేలుతుంటాయి. వాటిని ఏరి, పెంచి, గోరంత పొరగా అల్లి పెట్టెలో పరుస్తారు. ఆ పొరకి ఇటు పక్క తల్లి, అటు పక్క బిడ్డ. తల్లి వైపున్న చిన్న గిన్నెలో ఏ మందు చుక్క వేసినా తెల్లారేసరికి సంగతి తేలిపోతుంది. పొర గులాబీ రంగులోనే ఉంటే కడుపులో బిడ్డ ఆ మందుకి తట్టుకుంటుంది, నల్లబడితే తట్టుకోదు. ఆస్పత్రి మాత్రయినా, అత్త కాచిన కషాయమైనా, కొండ మీద ఎవరో నూరిన పసరైనా పెట్టెకి ఒకటే. అన్నిటికన్నా మేలు, అది మందు పేరు అడగదు. పేరు పైకి చెబితే ఆకు గుణం పోతుందని నాటుమందు ఇచ్చేవాళ్ళ నమ్మకం. అందుకే ఇన్నాళ్ళూ ఏ డాక్టరుకీ వాళ్ళ నోరు పెగల్లేదు. పెట్టె వచ్చాక పేరుతో పనే లేకుండా పోయింది.

పెట్టెని కనిపెట్టింది ప్రొఫెసర్ చయనులు గారైతే, దాన్ని పల్లెల్లో ఇంటింటికీ చేర్చింది నీలవేణి. ఆ మండలంలోనే పుట్టి, పొలం గట్ల మీద నడిచి బడికెళ్ళి, పెద్ద చదువు చదివిన మనిషి. మొదట్లో ఆడవాళ్ళు పెట్టె పుచ్చుకుని అటక మీద పడేసేవారు. "మందు మింగేది మనం. మజ్జిలో దీనికెందుకమ్మా?" అనేవారు. నీలవేణి ఆలోచించి ఒక మాట కట్టింది.

"ఇది మీ కడుపులో బిడ్డ ముక్కే. మీ పెద్దబిడ్డ అనుకోండి. ఏ మందైనా ముందు పెద్దబిడ్డకి పెట్టండి, ఆనక మీరు పుచ్చుకోండి."

ఆ మాట మంత్రంలా పారింది. అటకల మీది పెట్టెలు నట్టింట్లోకి వచ్చాయి. పొరకి నీళ్ళు ఆడించే చిన్న మోటారు టిక్ టిక్ మంటుంటే అది గుండె చప్పుడనుకుని చెవులు ఆనించి వినేవారు. గుండె కాదు, మోటారు అని చెప్పడానికి నీలవేణికి నోరొచ్చింది కాదు. చెబితే మళ్ళీ అటకెక్కుతుందేమోనన్న భయం.

మిఠాయిలు తిన్న మర్నాడు ఆమె జీపులో గెడ్డవలస వెళ్ళింది. పెట్టె నల్లబడ్డ మనిషి పేరు బంగారమ్మ, ఆరో నెల. నడుంనొప్పికి ఎవరో ఇచ్చిన బిళ్ళ నీళ్ళలో కరిగించి ముందు పెట్టెలో పోసి చూసింది. నల్లబడింది. తను మింగలేదు. బిడ్డ బతికింది. చెప్పుకోవాలంటే పండగ చేసుకోవలసిన ఇల్లు.

ఇంటి ముందు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. బంగారమ్మ గుమ్మంలో జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది.

"పెట్టె ఏదీ?" అంది నీలవేణి.

ఒక ముసలమ్మ పెరటి వైపు చెయ్యి చూపించింది. అక్కడ అరటి మొదట్లో తాజాగా మట్టి తవ్వి కప్పారు. మీద పసుపు, చారెడు ఉప్పు. కాన్పయ్యాక మావిని పాతిపెట్టేది అక్కడే.

"నానే పోసినానమ్మా," అంది బంగారమ్మ. "నా సేత్తోనే పోసినాను. అదేటి పాపం సేసిందని?"

"అది బిడ్డ కాదు బంగారమ్మా. నీ బిడ్డ కడుపులోనే ఉంది. దాన్ని బతికించింది ఆ పెట్టే."

"మరి పెద్దబిడ్డ అని నువ్వే గదా అన్నావు!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నీలవేణి మొహంలోకి చూశారు. ఆ చూపుల్ని ఆమె సరిగ్గా చదవలేకపోయింది. తిరిగొచ్చి ఆ కథంతా చెబితే ప్రయోగశాలలో అందరూ నవ్వారు. తనూ నవ్వింది. చయనులు గారు మాత్రం, "పోనీలే, ప్రేమగా చూసుకుంటున్నారు. మనకి కావలసింది అదేగా," అన్నారు.

ఆ తరువాత ఎనిమిది నెలలపాటు మండలం మొత్తం మీద ఒక్క పెట్టె కూడా నల్లబడలేదు.

ఆశా కార్యకర్త ఎర్నమ్మ వారానికోసారి ఇంటింటికీ వెళ్ళి ఫోటోలు తీసి పంపేది. అన్నీ గులాబీ రంగే. వాంతులకి వాడే మాత్రలు, దగ్గు మందులు, వాము కషాయం, కొండ వేర్లు, ఏది వేయించినా గులాబీయే. చయనులు గారు నలభై రెండు మందులతో ఒక పట్టిక తయారుచేశారు. "గర్భిణులు భయం లేకుండా వాడదగినవి" అని పైన పెద్ద అక్షరాలు. ఆ కాగితం ఆస్పత్రుల గోడలకి ఎక్కింది.

పట్టికలో పదిహేడోది నీలవేణి తల్లి పారమ్మ ఇచ్చే పసరు.

పారమ్మ కామెర్లకి పసరు ఇస్తుంది. పైసా పుచ్చుకోదు. ఆదివారం పొద్దున్నే ఎవరితోనూ పలకకుండా కొండకెళ్ళి ఆకు తెస్తుంది. మేకపాలలో కలిపి మూడు పూటలు పోస్తుంది. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళకి ఆమె చెయ్యి తెలుసు. కానీ గర్భిణి వస్తే మాత్రం దండం పెట్టి పంపేసేది. "మాయమ్మ ఇవ్వనేదు, నానూ ఇవ్వను," అనేది. ఎందుకని అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. వాళ్ళమ్మ దగ్గరా లేదు.

ఆ ఎందుకు తేల్చాలనే నీలవేణి తల్లి దగ్గర పసరు పట్టి, ముప్పై బుడ్డీల్లో పోసి, ముప్పైమంది గర్భిణులకి ఇచ్చింది. మీరు తాగకండి, పెట్టెలో మాత్రం రెండు చుక్కలు వెయ్యండి, అని చెప్పింది. ముప్పై పెట్టెలూ గులాబీగానే ఉన్నాయి.

"చూశావా అమ్మా! మీ అమ్మమ్మల కాలం నాటి భయం," అంది నీలవేణి.

 పారమ్మ గోడ మీది కాగితంలో తన మందు ఉందని విని, ఒకసారి ఆస్పత్రికి నడిచి వెళ్ళి, చదువు రాకపోయినా ఆ కాగితాన్ని తడిమి చూసి వచ్చింది.

వానలు పడ్డాయి. ఊళ్ళల్లో కామెర్లు మొదలయ్యాయి. నీలవేణి చెల్లెలు హైమ పుట్టింటికి పురుటికొచ్చి ఉంది. ఏడో నెల. ఒక రోజు అద్దంలో చూసుకుంటే కళ్ళు పచ్చగా ఉన్నాయి.

ఆస్పత్రిలో రక్తం పరీక్ష చేసి, కడుపుతో ఉంది కాబట్టి గట్టి మందులు వాడలేమన్నారు. విశ్రాంతి తీసుకుంటూ, రెండ్రోజులకోసారి వచ్చి చూపించుకోమన్నారు. హైమకి అన్నం చూస్తే వాంతి వస్తోంది. నీలవేణికి ఫోను చేసింది.

"అప్పా, అమ్మ నూరిళ్ళకి పసరు పోత్తాది. నాకు మాత్రం పొయ్యదట. సెప్పవే!"

"నీ పెట్టెలో వేసి చూశావా?"

అవతల పెట్టె మూత మూసిన చప్పుడు వినిపించింది.

"ఏసినాను. బంగారంలాగుంది."

"అమ్మకియ్యి ఫోను."

పారమ్మ ఫోను అందుకుంది. "ఒద్దే నీలా. నాను పొయ్యలేను."

"పట్టికలో ఉంది గదే అమ్మా. ముప్పై పెట్టెల్లో చూశాం. ఇప్పుడు దాని పెట్టెలోనూ చూసింది. వాళ్ళకీ వీళ్ళకీ మంచిదైంది, కన్నకూతురికి కాకుండా పోతుందా?"

"మాయమ్మ ఇవ్వనేదే."

"మీ అమ్మకి తెలీక ఇవ్వలేదు. నాకు తెలిసే చెబుతున్నాను."

 "నువ్వు సదూకున్నదానివి," అంది పారమ్మ చివరికి. "నీ మాట మీదే పోత్తాను."

మూడు పూటలు పోసింది. నాలుగో రోజున హైమ కళ్ళలో పసుపు తగ్గింది. ఆరో రోజున కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఆస్పత్రికి తీసుకెళ్ళి కాన్పు చేయిస్తే ఆడపిల్ల. పుట్టేటప్పటికే లేదు.

నీలవేణి వచ్చేసరికి హైమ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కలో పెట్టె. కాన్పయి మూడు రోజులయింది. రొమ్ములు బిగిసి జాకెట్టు తడిసిపోతోంది. పారమ్మ వసారాలో కూర్చుని, తన అరచేతుల్ని చూసుకుంటోంది.

"కామెర్లే బిడ్డని తీసుకుపోయి ఉంటాయి," అంది నీలవేణి. తనకే ఆ మాట వినిపించాలని అన్నట్టుంది. పెట్టె తీసి చూసింది. పొర లేత గులాబీ రంగులో నిగనిగలాడుతోంది. మచ్చుకైనా మరక లేదు. ఆమె ఊపిరి పీల్చుకోబోయింది.

అప్పుడు గిన్నె మూత కింద చీమలు కనిపించాయి. ఎర్రచీమలు, బారుగా.

పసరు చేదుకి ఈగ కూడా వాలదు. నీలవేణి గిన్నెలో వేలు పెట్టి నాలిక్కి రాసుకుంది. తియ్యగా ఉంది.

"హైమా. ఇందులో ఏం పోశావు?"

హైమ గోడవైపే ఉండి పెట్టె కోసం చెయ్యి చాచింది.

"పసరు పోశానన్నావు కదే!"

హైమ ఇటు తిరిగింది. "తేనె నీళ్ళే పోసినాను. ఎప్పుడూ తేనె నీళ్ళే. నిన్నటికాడ్నించి నా పాలు. పారబోసుకోడమెందుకని."

"మరి పసరు?"

"ఎలగ పోత్తానప్పా దానికి? అంత సేదు! బంగారమ్మ పెట్టె నల్లగయిపోనాదంటే ఊరూరూ ఏడిసినాం. నాను తాగితే నాకే గదా అవుతాది, దానికెందుకు పెట్టాల?"

నీలవేణి మంచం అంచున కూలబడింది. "మిగతా వాళ్ళు?"

"నీకు తెలవదేటి? ఎవులు పోత్తారు సెప్పు? బంగారమ్మ తరవాత ఎవులూ పొయ్యనేదు. ఎర్నమ్మకీ ఎరికే. ఫోటో బాగుంటే నీకు సాలు గదా అని ఊరుకుంది."

"నేనిచ్చిన ముప్పై బుడ్డీలు?"

"పెరట్లో పోసీసుంటారు."

ఎనిమిది నెలలు. నలభై రెండు మందులు. వందల ఫోటోలు. అవన్నీ తేనె నీళ్ళ ఫోటోలు. తన మాటే నమ్మి ఆ ఆడవాళ్ళు పెట్టెని బిడ్డనుకున్నారు. బిడ్డనుకున్నాక తల్లి చేసే పనే చేశారు. తను ఈ గాలిలోనే పెరిగింది. ఇక్కడి తల్లులు తమ నోట్లో చేదు పోసుకుని బిడ్డ నోట్లో తీపి పోస్తారని ఆమెకి ఎవరైనా చెప్పాలా?

బయటికొచ్చి చయనులు గారికి ఫోను చేసింది. పదిహేడోది వెంటనే తీసెయ్యమంది. అన్నీ తీసెయ్యమంది.

"నీలవేణీ, నీ బాధ నాకర్థమవుతోందమ్మా. కానీ ఆడవాళ్ళు తేనె పోశామన్నారని నలభై రెండు మందుల పట్టిక ఎలా చించుతాను? మీ చెల్లికి కామెర్లున్నాయి. బిడ్డ వాటివల్లే పోయి ఉండొచ్చు. పసరే కారణమని రుజువుందా? ఒక్క పెట్టె నల్లబడినట్టు చూపించు."

తరువాత ఎర్నమ్మకి చేసింది. పసరు తాగుతున్న గర్భిణులు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగింది.

"ముగ్గురున్నారమ్మా. హైమ కళ్ళు తేటపడినాయని ఇని, ఈ ఆదివారమే మీయమ్మ కాడ పట్టుకెళ్ళినారు. బిడ్డ పోడానికి రెండ్రోజుల ముందు."

"మానెయ్యమని చెప్పు."

"మొన్న తాగమని నువ్వే సెప్పించినావు. నేడొద్దంటే ఎవులింటారు? గోడ మీద కాయితం అలగే ఉంది గదా!"

నీలవేణి లోపలికొచ్చేసరికి పారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"దాని పెట్టెలో పోసి సూడు," అంది పారమ్మ.

"అమ్మా!"

"ఆ పెట్టెలోది ఆ పిల్లగుంట ముక్కే అన్నావు. అయితే అదే సెప్తాది. నాను సంపినానో కామెర్లు సంపినాయో నాకు తెలియాల. తెలీకుండా నాను బతకలేను."

హైమ మంచం మీద లేచి కూర్చుని పెట్టెని రొమ్ముకి అదుముకుంది. "ఒక్కదాన్ని మట్టిలో ఎట్టినారు, సాలదేటి మీకు? ఇది ఆడుతోంది, ఇను! టిక్ టిక్ మని ఆడుతోంది!"

"అది మోటారే," అంది నీలవేణి. ఆ మాట రెండేళ్ళ కిందట అనవలసింది.

"ఒగ్గీ! నా కాడికి రాకు!"

వాళ్ళు బలవంతం చెయ్యలేదు. మర్నాడు పొద్దున్న హైమకి స్నానం చేయించడానికి పొరుగింటామె పెరట్లోకి తీసుకెళ్ళింది. వేడి నీళ్ళ చెంబు మోత వినిపిస్తోంది. పారమ్మ పసరు నూరి సిద్ధంగా ఉంచుకుంది. నీలవేణి పెట్టె మూత తీసి పట్టుకుంది. చుక్క వేసింది మాత్రం పారమ్మే.  రెండు చుక్కలు. పసరు పోసేటప్పుడు ఎప్పుడూ గొణిగే మాటలేవో ఆరోజు గొణగలేదు.

స్నానం ముగించి వచ్చిన హైమ పెట్టె తీసుకుని ఎప్పటిలాగే పక్కలో పెట్టుకుంది. ఇద్దరూ ఆమెకేమీ చెప్పలేదు. ఆ పగలంతా, ఆ రాత్రంతా పెట్టె ఆడుతూనే ఉంది.

తెల్లారేసరికి పొర కాటుకలా ఉంది.

హైమ అరవలేదు. గిన్నె మూత ఎత్తి వాసన చూసింది. అక్క వైపు ఒకసారి, తల్లి వైపు ఒకసారి చూసింది. తరువాత పైట చెంగుతో పెట్టెకి పొర కనిపించే కిటికీని మూసి, ఇద్దరికీ వీపు తిప్పి పడుకుంది. వీపు కదులుతోంది. చప్పుడు మాత్రం మోటారుదే.

నీలవేణి ఫోటో పంపింది. చయనులు గారి జవాబు గంటలో వచ్చింది. ఆయన దుర్మార్గుడు కాదు. జవాబులో క్షమాపణ కూడా ఉంది. అయితే ఒక్క పెట్టెతో శాస్త్రం ఒప్పుకోదన్నారు. తల్లి పాలు, తేనె, కాన్పు తరువాత రోజుల ఆలస్యం, ఇన్ని కలిశాక ఆ నలుపు దేనివల్లో ఎలా చెబుతామన్నారు. కొత్త పొరలు పెంచడానికి ఆరు వారాలు పడుతుందట. ఈలోగా పట్టిక కింద "పునఃపరిశీలనలో ఉంది" అని చిన్న అక్షరాల్లో వేయిస్తామన్నారు.

"ఆరు వారాలా?" అంది పారమ్మ. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది. "పద. ఆ ముగ్గురి ఇళ్ళకీ నడు."

"ఏం చెప్తావే అమ్మా వాళ్ళకి?"

"ఏటుంది సెప్పడానికి? నా మనవరాల్ని నానే సంపినానని సెప్తాను. పసరు పోసినదాని నోటితో ఇంటే నమ్ముతారు."

మొదటి ఇంట్లో నమ్మారు. ఆ కోడలు ఒక్క పూటే తాగి, చేదుకి వాంతి చేసుకుందట. అత్తగారు మిగతా బుడ్డీ తెచ్చి, పారమ్మ కాళ్ళ ముందు పారబోసి, "ఇంక మా గుమ్మం తొక్కొద్దు," అంది. రెండో ఇంట్లో తాగిన మనిషి ఆస్పత్రిలో ఉందన్నారు. ఎందుకో చెప్పలేదు. పారమ్మని చూసి తలుపు వేసుకున్నారు. వీధిలో పిల్లని ఎత్తుకున్న ఒకామె పారమ్మ నీడ పడకుండా పక్కకి తప్పుకుంది. నలభై ఏళ్ళుగా ఆ వీధిలో ఆమెకి ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ దండం పెట్టేవారు. పారమ్మ అదేమీ చూడనట్టే నడిచింది.

మూడో ఇల్లు ఊరి చివర. అమ్మాయి పేరు సుగుణ. ఇరవై ఏళ్ళుంటాయి, ఎనిమిదో నెల. వీళ్ళని చూసి మొహం చేటంత చేసుకుని చాప పరిచింది.

"రా పిన్నీ, రా! సూడు నా కళ్ళు, తెల్లగయిపోనాయి! నీ సెయ్యి సల్లగుండ!"

పారమ్మ కూర్చోలేదు. "ఎన్ని పూటలు తాగినావే?"

"మూడూ. ఒక్క సుక్క పారబొయ్యనేదు." సుగుణ లోపలికెళ్ళి పెట్టె తెచ్చింది. దానికి చిన్న గళ్ళ గుడ్డతో చొక్కా కుట్టింది. బుగ్గన చుక్కలాగ మూత మూల కాటుక చుక్క పెట్టింది. దాన్ని నీలవేణికి అందించబోయింది. "అమ్మా, నువ్వు ఇలగ సూడు. నా పెద్దది ఎంత బాగుందో!"

పొర గులాబీ రంగులో మెరుస్తోంది. టిక్ టిక్ మంటోంది.

నీలవేణి పెట్టె అందుకోలేదు. సుగుణ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఆ పిల్ల కడుపు మీద పెట్టింది. ఎడమ పక్క నొక్కింది. కుడి పక్క నొక్కింది. కిందికి జరిపి ఆగింది. మళ్ళీ మొదటి నుంచి తడిమింది.

సుగుణకి చక్కిలిగింత పుట్టి నవ్వొచ్చింది.

"ఎందుకమ్మా అలగ ఎతుకుతావు? నిన్న సాయంత్రం కాడ్నించి కదలకుండా తొంగుంది. ఒట్టి నిదరమొకంది."